తొమ్మిదో నంబరు బస్సు

“పేరు రాసింది నువ్వా కాదా, ఆ ఒక్క ముక్క చెప్పు వదినా.”

డెల్ఫీనా ఇంకా చలికోటు విప్పలేదు. వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది, ఫిబ్రవరి గాలి లోపలికి కొడుతోంది. పొయ్యి మీద పెనంలో రొట్టె మాడుతున్న వాసన వస్తున్నా ముసలావిడ సొకోర్రో దాన్ని తిప్పలేదు. కోడలి వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూసింది.

“పేర్లు రాయం డెల్ఫీనా. పనులు రాస్తాం,” అంది ఒటీలియా.

“ఓహో, పనులు.”

“తొమ్మిదో నంబరు బస్సు అని రాశాను. అంతే.”

“ఆ బస్సుని దెయ్యం నడుపుతోందా?”

ఒటీలియా చేతిలో ఉన్న కత్తిని కూరగాయల పలక మీద జాగ్రత్తగా పెట్టింది. కోబ్రీతో అనే ఆ గని ఊళ్ళో, పిల్లల బడుల ఆఫీసులో ఖర్చుల లెక్క చూడటం మొదలుపెట్టి ఇరవై ఒక్క ఏళ్ళయింది ఆమెకి. ఆ ఇరవై ఒక్క ఏళ్ళలో ఆఫీసు మాట ఏనాడూ ఇంట్లోకి తీసుకురాలేదు. తొమ్మిది రోజులుగా మాత్రం, ఖర్చు తగ్గించడానికి ఏ పనులు ఆపాలో రాసిన లిస్టు ఆమెతో పాటే ఇంటికి వస్తోంది, ఆమెతో పాటే భోజనానికి కూర్చుంటోంది.

“నా బస్సు ఆపేస్తున్నారని షెడ్డులో మెకానిక్కు చెప్పాడు నాకు,” అంది డెల్ఫీనా. “టైరు మారుస్తూ, పాపం, నన్ను ఓదార్చాడు. నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు మరి. ఎందుకనుకోడూ? మా వదిన ఆఫీసులో పెద్ద మనిషి, రోజూ నా ఎదురుగా కూర్చునే బీన్సు తింటుంది. ఉప్పు అందించమంటే అందిస్తుంది. నోట్లోంచి ముక్క మాత్రం రాదు.”

“చెప్పకూడదన్నారు. సోమవారం బోర్డు మీటింగు అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు హాల్వర్సన్.”

హాల్వర్సన్ ఊళ్ళో బడులన్నిటి మీదా అధికారి. మంచివాడే. అయితే ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తడానికి అది మంచి సమయం కాదు.

“హాల్వర్సన్ నీకు ఆడపడుచా, నేను ఆడపడుచునా?”

“తలుపు వెయ్యండే ముందు,” అంది సొకోర్రో. “ఊరంతా వింటోంది.”

“విననీ అమ్మా. ఊళ్ళో వాళ్ళ పిల్లల సంగతే కదా.”

తలుపు వేసింది డెల్ఫీనా కాదు, అప్పుడే గని నుంచి వచ్చిన ఆమె అన్న ఫెర్మీన్. ఒంటినిండా రాతిదుమ్ము. తల్లిని, పెళ్ళాన్ని, చెల్లెల్ని వరసగా చూసి, భోజనపు డబ్బా కింద పెట్టాడు.

“ఎవరు పోయారు?” అన్నాడు.

“నేను,” అంది డెల్ఫీనా. “నీ పెళ్ళాం పూడ్చిపెట్టేసింది. పువ్వులు తెచ్చావా?”

ఎవరూ నవ్వలేదు. డెల్ఫీనా కుర్చీ లాక్కుని అన్న వైపు తిరిగింది గాని, అడిగింది మాత్రం ఒటీలియానే.

“బళ్ళకి డబ్బు లేదా?”

“ఉంది.”

“ఎక్కడ?”

“బ్యాంకులో. జూన్ దాకా సరిపోయేంత ఉంది. జీతాలకి, డీజిలుకి, కరెంటుకి, అన్నిటికీ.”

“మరింకేంటి?”

“ఖర్చు పెట్టకూడదు.”

ఫెర్మీన్ ఒక్క క్షణం ఆగి నవ్వేశాడు. “ఇదేం మాటే! చిన్నప్పుడు అమ్మ అటక మీద దాచిన మిఠాయి డబ్బాలాగా ఉందే. కనబడాలి, ముట్టుకోకూడదు.”

“నవ్వకు ఫెర్మీన్.” ఒటీలియా గొంతు పెంచలేదు. ఆఫీసులో ఎన్నోసార్లు చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలవి. “అరిజోనాలో బళ్ళన్నీ కలిపి ఏడాదికి ఇంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టకూడదని ఒక హద్దు ఉంది. ఎనభైలో పెట్టారు. అప్పటి పిల్లల సంఖ్య, అప్పటి ధరలు పట్టుకుని, ఏడాదికింత అని జరుపుకుంటూ వస్తున్నారు. ఈ ఏడాది బళ్ళకి ఎక్కువ డబ్బు ఇచ్చారు. ఇచ్చింది వాళ్ళే, శాసనసభ వాళ్ళే. హద్దు మాత్రం జరపలేదు. మార్చి ఒకటో తారీఖులోగా ఓటేసి, ఈ ఒక్క ఏడాదికైనా దాన్ని పక్కన పెట్టాలి. పెట్టకపోతే ఏడాది ఖర్చులో ఆరో వంతు కోసెయ్యాలి. ఏడాదిలో ఎనిమిది నెలలు ఖర్చయిపోయాయి. కోత అంతా మిగిలిన నాలుగు నెలల మీదే పడుతుంది.”

“ఓటేస్తారు,” అన్నాడు ఫెర్మీన్. “వెయ్యక ఏం చేస్తారు?”

“సగం మంది వేస్తే చాలదు. మూడింట రెండు వంతులు వెయ్యాలి.”

“ఒకటో తారీఖు ఎప్పుడు?”

“వచ్చే మంగళవారం.”

సొకోర్రో పెనం మీంచి నల్లబడిన రొట్టె తీసి పక్కన పడేసింది. ఇంకొకటి వెయ్యలేదు.

“సరే, కొయ్యాలి,” అంది డెల్ఫీనా. ఈసారి నెమ్మదిగా అడిగింది. ఆమె నెమ్మదిగా మాట్లాడిందంటే ఒటీలియాకి భయం. “నా బస్సే ఎందుకు?”

“చట్టం తప్పనిసరి అనని పనులు ముందు పోతాయి. పాఠం చెప్పే మనిషి లేకుండా తరగతి నడపకూడదని ఉంది. పిల్లల్ని ముప్ఫై ఎనిమిది మైళ్ళ నుంచి తీసుకురావాలని ఎక్కడా లేదు.”

“పాలో బ్లాంకో దారిలో పదకొండుమంది ఉన్నారు వదినా. ఆ పశువుల కొట్టాల దగ్గర, తొమ్మిది గేట్లు దాటితే గాని రోడ్డు రాదు. నయేలి లేదూ, ఒకటో తరగతి పిల్ల? ఏడో మలుపులో రోజూ కక్కుతుంది. బకెట్టు నా సీటు పక్కనే పెట్టుకుంటా. ఉప్పు బిస్కెట్లు ఇస్తా. దాని తల్లికి బండి లేదు. నడిపించుకొస్తుందా?”

“తెలుసు.”

“నీకు తెలిసింది నంబరు. పిల్ల తెలీదు.”

ఒటీలియా మాడిన రొట్టె తీసి చెత్తబుట్టలో వేసింది.

“ఇంకో బస్సు లేదా? నాలుగో నంబరు? ముసలి లొమేలీ నడుపుతాడే, ఆనకట్ట వైపు. అదీ అంతే దూరం. అదీ చట్టంలో లేదుగా?”

“లేదు.”

“అందులో ఎంతమంది?”

“ఏడుగురు.”

“ఏడుగురు!” డెల్ఫీనా లేచి నిలబడింది. “ఏడుగురున్న బస్సు ఉంచి పదకొండుమందిది తీసేశావు. ఏం లెక్కే అది? పోనీ, నేను నీ ఆడపడుచుని కాకపోయుంటే, లొమేలీ నీ మామయ్య అయ్యుంటే, ఎవరి బస్సు రాసేదానివి?”

తొమ్మిది రోజుల కిందట ఆఫీసు గదిలో రెండు బస్సులూ ఒకే కాగితం మీద ఉన్నాయి. హాల్వర్సన్ ఆ కాగితం ఆమె ముందుకి జరిపి, “నీ ఇష్టం, నువ్వే తేల్చు,” అని కాఫీకి వెళ్ళిపోయాడు. నాలుగో నంబరు రాస్తే, ఆడపడుచు బస్సు కాపాడుకుంది అంటారు. కిరాణా కొట్లో అంటారు, చర్చి మెట్ల మీద అంటారు, బోర్డులో అయితే మైకులోనే అంటారు. ఆ మాట పడకూడదని ఆమె పెన్ను తొమ్మిది మీద పెట్టింది. న్యాయం అనుకుంది అప్పుడు. ఇప్పుడు ఆ వంటింట్లో దానికి వేరే పేరు వినబడుతోంది.

“చెప్పవేం?” అంది డెల్ఫీనా.

ఒటీలియా తల దించుకుంది.

ఫెర్మీన్ ఇటు తిరిగి పెళ్ళాం ముఖంలోకి చూశాడు. అతనికి అర్థమైపోయింది. పక్కకి తిరిగి పంపు కింద చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. కడిగిందే కడుగుతున్నాడు.

“ఆ చట్టం పెట్టిన వాళ్ళ ఇళ్ళల్లో దీపం పెట్టే దిక్కు లేకుండా పోనూ,” అంది డెల్ఫీనా. “ఎవరే వాళ్ళు? ఎవరు పెట్టారు?”

“జనమే ఓటేశారు,” అంది ఒటీలియా.

“ఏ జనం? మనవాళ్ళెవరూ వేసుండరు.”

“నేను వేశాను,” అంది సొకోర్రో.

పంపు నీళ్ళ చప్పుడు ఆగింది.

ముసలావిడ పొయ్యి కట్టేసింది. ఏప్రాను కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కూతురు లేచిన కుర్చీలో కూర్చుంది.

“ఎనభైలో గనిలో సమ్మె. మీ నాన్న నెలల తరబడి ఇంట్లో ఉన్నాడు. నీకు ఆరేళ్ళు, వీడికి పది. ఇంటి పన్ను కాగితం వచ్చింది. కట్టకపోతే ఇల్లు పోతుందన్నారు. టోపీ పెట్టుకుని ఒకాయన వరండాలోకి వచ్చి, అవును అని ఓటేస్తే పన్నులు పెరగవమ్మా అన్నాడు. నేను నిమ్మకాయ నీళ్ళు ఇచ్చాను ఆయనకి. మీ నాన్నకి చదవడం రాదుగా, నేనే చదివి వినిపించాను. ఇద్దరం వెళ్ళి వేసొచ్చాం.”

“అమ్మా,” అన్నాడు ఫెర్మీన్.

“బళ్ళ గురించని ఉందేమో అందులో. నేను చదివింది పన్నులన్న ముక్క ఒక్కటే.”

డెల్ఫీనా తల్లి వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ నోటికి మాట తట్టకపోవడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. కోటు విప్పకుండానే వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మొగుడు వదిలేసి వెళ్ళాక ఆరేళ్ళుగా ఆమె ఉంటున్న గది అది. తలుపు గట్టిగా కూడా వెయ్యలేదు.

“అదే ఓటు వెనక్కి తీసుకోవచ్చా?” అని అడిగింది సొకోర్రో కోడల్ని.

“అలా కుదరదు అత్తయ్యా.”

“ఎవరికైనా చెప్పుకుంటే?”

ఒటీలియాకి జాలి, విసుగు ఒకేసారి వచ్చాయి. “రేపు ఫీనిక్సులో శాసనసభ కమిటీ కూర్చుంటుంది. ఎవరైనా వెళ్ళి పేరు రాయించుకుంటే రెండు నిమిషాలు మాట్లాడనిస్తారట.”

“అయితే నన్ను తీసుకెళ్ళు.”

*

గురువారం తెల్లవారుతూనే డెల్ఫీనా బస్సుకి బయల్దేరింది. “నువ్వూ వస్తావేంటే?” అని తల్లి అడిగితే, “నాకు బస్సుంది. ఇంకా ఉందిగా,” అని వెళ్ళిపోయింది.

అత్తాకోడళ్ళిద్దరే రెండు గంటలు కారులో ప్రయాణం చేసి, తొమ్మిదింటికల్లా ఆ గదిలో కూర్చున్నారు. సొకోర్రో ఆదివారం చర్చికని దాచుకునే నల్ల గౌను వేసుకుంది. చెప్పవలసింది దారి పొడుగునా మూడుసార్లు చెప్పి చూసుకుంది. రెండు నిమిషాలు దాటుతోందేమోనని ఒటీలియాని గడియారం చూడమంది.

పేర్ల కాగితంలో వాళ్ళది నలభై ఆరో వరస.

ఆలస్యంగా మొదలై, మధ్య మధ్య ప్రశ్నలతో మొదటి పదిమంది మాట్లాడేసరికి పదకొండు దాటింది. ఒక ప్రిన్సిపాలు, ఒక తల్లి, చక్రాల కుర్చీలో ఒక అబ్బాయి. మాట్లాడుతుంటే సభ్యుల్లో కొందరు వింటున్నారు, కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు, ఇద్దరు లేచి వెళ్ళి శాండ్‌విచ్చులతో తిరిగొచ్చారు. మధ్యలో గనుల నీటి గురించి ఇంకో విషయం వచ్చి గంటన్నర తినేసింది. సొకోర్రో బ్యాగులో మాంసం కూరిన రొట్టెలున్నాయి గాని, లోపల తినకూడదని గోడ మీద రాసి ఉంది. బయటికి వెళ్తే పేరు పిలుస్తారేమోనని ముసలావిడ కదల్లేదు.

“బాత్రూముకైనా వెళ్ళు అత్తయ్యా.”

“నేను ఆపుకోగలను. నువ్వు వెళ్ళు.”

మూడున్నరకి ముప్ఫై ఒకటో మనిషి మాట్లాడటం అయింది. అధ్యక్షుడు గడియారం చూసి, అందరికీ కృతజ్ఞతలు చెప్పి, మిగిలినవాళ్ళు కావాలంటే రాసి పంపవచ్చనీ, ఈ వారానికి సమావేశం ముగిసిందనీ అన్నాడు. చెక్క సుత్తి ఒకసారి చప్పుడైంది. కుర్చీలు జరిగాయి.

“మనల్ని పిలిచారా?” అంది సొకోర్రో.

“లేదు. అయిపోయింది.”

“సోమవారం రమ్మన్నారా?”

“రమ్మనలేదు అత్తయ్యా.”

వసారాలో ఒక సభ్యుడు ఎదురయ్యాడు. నలభై ఏళ్ళుంటాయి. మెరిసే బూట్లు, చక్కటి నవ్వు. హద్దు ఎత్తడానికి ఓటు వెయ్యనని ముందే చెప్పినవాళ్ళలో అతనొకడని ఒటీలియా గుర్తుపట్టింది. ఆమె వద్దనేలోపే సొకోర్రో అతని దారికి అడ్డం నిలబడింది.

“బాబూ, ఒక్క నిమిషం. ఎనభైలో ఆ హద్దుకి నేను ఓటేశాను.”

అతను ఆగాడు. వంగి, ముసలావిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“అప్పుడే ఓటేశారా? నేనింకా పుట్టనే లేదమ్మా!”

“తప్పయిపోయింది. తెలీక వేశాను. అది చెబుదామని కోబ్రీతో నుంచి వచ్చాను. మా అమ్మాయి బస్సు—”

“తప్పేంటమ్మా!” అతని గొంతులో నిజంగానే ఆప్యాయత ఉంది. “మీలాంటి వాళ్ళు ఆ రోజు గట్టిగా నిలబడబట్టే ఈ రాష్ట్రంలో జనం ఇళ్ళు నిలబడ్డాయి. మీ ఇల్లు నిలబడిందా, లేదా?”

సొకోర్రోకి అబద్ధం చెప్పడం రాదు. “నిలబడింది,” అంది.

“చూశారా మరి. మీరు ఆ రోజు వేసిన ఓటుని నేను ఇవాళ కాపాడుతున్నాను.” వెనకనున్న అమ్మాయిని పిలిచాడు. “ఒక ఫోటో తియ్యి. మీకు అభ్యంతరం లేదుగా అమ్మా?”

ముసలావిడ బతుకులో ఎప్పుడూ ఫోటోకి కాదనలేదు. చెయ్యి దానంతట అదే జుట్టు సర్దుకుంది. అతను భుజం మీద చెయ్యి వేశాడు. ఫోను మెరిసింది. అతను ఇంకోసారి వంగి, జాగ్రత్తగా వెళ్ళమని చెప్పి, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

ఒటీలియాకి ఇరవై ఒక్క ఏళ్ళ లెక్కలు నాలిక చివర ఉన్నాయి. అడిగినవాళ్ళు లేరు.

కారు ఊరు దాటి, రోడ్డు పక్కన నిలువు ముళ్ళచెట్లు మొదలయ్యాక సొకోర్రో అంది: “ఎంత మర్యాదగా మాట్లాడాడే అబ్బాయి.”

ఆ తరువాత నలభై మైళ్ళు పోయాక, కొండ ఎక్కే చోట ఒటీలియా పక్కకి చూస్తే, ముసలావిడ రొట్టెల సంచీ ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

*

శుక్రవారం బడి లేదు. ఖర్చు తగ్గించడానికి పదేళ్ళ కిందటే వారానికి నాలుగు రోజులు చేసేశారు. ఒటీలియా నాలుగింటిదాకా ఆఫీసులో ఉండి, ఇంటికొచ్చేసరికి వీధిలో ఫెర్మీన్ పికప్పు బండి ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అతను లోపలే కూర్చున్నాడు. కిటికీ దించాడు గాని పెళ్ళాం కళ్ళలోకి చూడలేదు.

“లోపలికి వెళ్ళు. అది నీతో మాట్లాడాలంటోంది,” అన్నాడు.

వంటింటి బల్ల మీద గని కంపెనీ కాగితాలు పరిచి ఉన్నాయి. డెల్ఫీనా తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుంది. రెండు రోజుల తరువాత వదినతో నేరుగా మాట్లాడటం అదే.

“రాయి మోసే పెద్ద ట్రక్కులకి డ్రైవర్లు కావాలట. అన్నయ్య అడిగాడు. బస్సు లైసెన్సు ఉంది కదా, వెంటనే తీసుకుంటామన్నారు. సోమవారం పొద్దున్నే శిక్షణ మొదలు. జీతం ఇప్పటిదానికి రెట్టింపు ఉంది.”

“ఎప్పుడు సంతకం పెట్టాలి?”

“ఇవాళ అయిదింటిలోగా. ఆ తరువాత వరసలో ఇంకొకడున్నాడు.”

గోడ గడియారంలో నాలుగు దాటి పది నిమిషాలైంది. గని ఆఫీసుకి పాతిక నిమిషాల దారి.

“పెట్టావా?”

“ఇంకా లేదు.”

అప్పుడే ఒటీలియా సంచీలో ఫోను మోగింది. హాల్వర్సన్. ఆమె ఫోను తీసుకుని వెనక మెట్ల మీదికి వెళ్ళింది.

“ఒటీలియా, విను. సోమవారం ఓటింగుకి పెడతారట. ఇద్దరో ముగ్గురో తక్కువున్నారంతే.” అతని ఊపిరి వేగంగా వినబడుతోంది. “మీ ఆడపడుచు గని వాళ్ళతో మాట్లాడుతోందని విన్నాను. ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పు. క్రితంసారి ఆ డ్రైవరు సీటు ఎనిమిది నెలలు ఖాళీగా ఉంది, నీకు తెలుసుగా. ఆమె పోతే హద్దు ఎత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే.”

“ఖాయమా?”

“ఏది?”

“ఆ ఇద్దరో ముగ్గురో వస్తారని.”

“ఖాయమని ఎవరు చెప్పగలరు? ఆశ ఉంది. చెప్తావుగా ఆమెకి?”

“చెప్తాను,” అంది ఒటీలియా.

లోపలికి వచ్చేసరికి డెల్ఫీనా పెన్ను మూత తీసి ఉంది. సొకోర్రో వెనక గది గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇద్దరూ ఆమె ముఖమే చూస్తున్నారు.

“హాల్వర్సనా?” అంది డెల్ఫీనా.

“ఆ. నిన్ను ఉండమంటున్నాడు. సోమవారం ఓటింగు పెడతారట.”

“గెలుస్తుందా?”

“ఇద్దరో ముగ్గురో తక్కువ.”

“గెలవకపోతే?”

“మార్చి మధ్యలో బస్సు ఆగిపోతుంది. నువ్వూ.”

“గని వాళ్ళు ఆగుతారా అప్పటిదాకా?”

“ఆగరు.”

డెల్ఫీనా పెన్ను బల్ల మీద పెట్టింది. బయట ఫెర్మీన్ హారను కొట్టాడు, ఒకేసారి, పొట్టిగా.

“వదినా, నాకు ఈ ట్రక్కులంటే ఇష్టం లేదు. ఆ గోతిలోకి దిగుతూ, ఎక్కుతూ, రాళ్ళతో ఏం మాట్లాడను? రాళ్ళు కక్కవు కూడా.” నవ్వబోయింది. నవ్వు రాలేదు. “నాకు నలభై ఎనిమిది. నేను తేల్చుకోలేను. ఆ రోజు కాగితం మీద నువ్వే తేల్చావు, ఇవాళ కూడా నువ్వే తేల్చు. ఉండమంటే ఉంటా. ఏమైనా కానీ, ఒక్క మాట అనను నిన్ను. ఒట్టు.”

ఒటీలియాకి పాలో బ్లాంకో దారి కళ్ళ ముందు కనబడింది. చూసింది ఒక్కసారే, అయినా తొమ్మిది గేట్లూ కనబడ్డాయి. తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడే పదకొండుమంది కనబడ్డారు. ఉండు అనడానికి నోటిదాకా వచ్చింది. అంటే బోర్డు సంతోషిస్తుంది, హాల్వర్సన్ సంతోషిస్తాడు. తొమ్మిది మీద పెన్ను పెట్టిన రోజున కూడా ఇలాగే బయటివాళ్ళ ముఖాలే చూసింది.

ఆ గదిలో ఉన్నది మాత్రం ముగ్గురే.

“వెళ్ళు,” అంది.

సొకోర్రో గుమ్మం వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. “ఒటీలియా!”

“వెళ్ళు డెల్ఫీనా. సంతకం పెట్టు.”

డెల్ఫీనా చాలాసేపు వదిన ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“నువ్వు ఉండమంటావనుకున్నా,” అంది.

పెన్ను తీసుకుని నిలబడే సంతకం పెట్టింది. కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే ఆగింది.

“సోమవారం పొద్దున పాలో బ్లాంకో దారికి నువ్వే వెళ్ళాలి వదినా. బస్సు రాదని నువ్వే చెప్పాలి. నయేలికి మోకాళ్ళ మీద కూర్చుని చెప్పు, నిలబడి చెబితే దానికి అర్థం కాదు.”

పికప్పు తలుపు మూసుకుంది. ఇంజను చప్పుడు వీధి చివర మలుపు తిరిగి, గని రోడ్డు మీదికి ఎక్కింది.

సొకోర్రో బల్ల దగ్గర కూర్చుని కోడలి వైపు చూడకుండా అంది: “నేనూ ఇల్లు నిలబడాలనే వేశానే ఆ ఓటు.”

ఒటీలియా దానికి ఏం చెప్పాలో వెతుక్కుంటుండగా, చేతిలో ఫోను మళ్ళీ మోగింది.

“నేనే,” అన్నాడు హాల్వర్సన్. “బోర్డు వాళ్ళు అడుగుతున్నారు. ఆమెకి చెప్పావా?”

కిటికీలోంచి చూస్తే, గని రోడ్డు మీద పికప్పు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు.

“చెప్పాను,” అంది ఒటీలియా.